నూట ఇరవై రెండు డిగ్రీల వేసవి

రాంగోపాల్‌పేటలోని విద్యావైభవ డిగ్రీ కళాశాల వారు ఈ వేసవిలో కాలాన్ని జయించారు. కళాశాల గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఆ సంగతి రాసి ఉంది గనుక అందరూ నమ్మవచ్చు. మామూలుగా ఒక సెమిస్టరు పట్టే సైన్సు పాఠాన్ని ఏప్రిల్ పరీక్షలకూ జూన్ అడ్మిషన్లకూ నడుమ ఉన్న ఎండల్లోనే ముగించే పద్ధతిని వారు కనిపెట్టి, దానికి 'వేసవి త్వరిత విజ్ఞాన సత్రం' అని పేరు పెట్టారు. సత్రమంటే భోజనం కూడా పెడతారా అని ఒకరిద్దరు తల్లిదండ్రులు విచారించారు. పెట్టరు.

కళాశాల ఉన్న భవనంలో కింద బోల్టులు, నట్లు, పైపులు అమ్మే దుకాణాలున్నాయి. పై అంతస్తుల్లో డిగ్రీలున్నాయి. కింద కొన్న బోల్టు సైజు సరిపోకపోతే మార్చి ఇస్తారు. పైన ఆ సౌకర్యం ఇంకా రాలేదు.

ప్రిన్సిపాల్ డాక్టర్ బ్రహ్మచారి గారు తల్లిదండ్రుల సమావేశంలో ఈ పద్ధతిని సులువుగా విశదీకరించారు. "ప్యాసింజరు బండి ఎందుకు ఆలస్యమవుతుంది? ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది కనుక. మధ్య స్టేషన్లు తీసేయండి. అదే బండి, అవే పెట్టెలు, ఎక్స్‌ప్రెస్ అయి కూర్చుంటుంది. సైన్సు కూడా అంతే!"

సికింద్రాబాదు వాళ్ళకు రైళ్ళ గురించి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా మధ్య స్టేషన్లో దిగవలసిన వాళ్ళ గతేమిటని ఒక్కరూ అడగలేదు. హాలంతా చప్పట్లు కొట్టారు.

కొట్టినవారిలో బోయిగూడ నుంచి వచ్చిన లూకా గారు ఒకరు. ఒక ప్రైవేటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తూ, ఎవరు ఉపన్యసించినా చప్పట్లు కొట్టే అలవాటు చేసుకున్న నెమ్మదైన మనిషి. పక్కన కూర్చున్న ఆయన కూతురు హదస్సా కొట్టలేదు. ఆ అమ్మాయి రెండో ఏడాది బీఎస్సీ. పోయిన సెమిస్టరులో పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టింది. కళ్ళు తెల్లబడి తిరిగి వచ్చేసరికి రెండు పేపర్లలో హాజరు చాలలేదు. ఒకటి ఆర్గానిక్ కెమిస్ట్రీ, రెండోది ఫిజిక్సులో విద్యుత్తు. కాలేజీ వారు ఈ విషయంలో చాలా ఉదారంగా మాట్లాడారు. రోగం ఎవరికైనా వస్తుందనీ, దానికి తమకేమీ అభ్యంతరం లేదనీ, హాజరు మాత్రం తగ్గకూడదనీ చెప్పారు. జూన్ లోపల రెండూ గట్టెక్కితే మూడో ఏడాదికి వెళ్ళవచ్చు. లేదంటే వెనక వస్తున్న బ్యాచితో మళ్ళీ కూర్చోవాలి.

"ఏడాది పోతే పోయింది, ఆరోగ్యం ముఖ్యం" అని డాక్టరు అన్నాడు. డాక్టరుకు ప్రిసిల్లా గారు తెలియదు.

ప్రిసిల్లా గారు లూకా గారి అక్క, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె కూతురు గ్లోరియా సరిగ్గా ఆ వెనక బ్యాచిలోనే ఉంది. విషయం తెలియగానే ప్రిసిల్లా గారు డజను అరటిపళ్ళతో పరామర్శకు వచ్చి సోఫాలో కూర్చుని, "దిగులు పడకు తమ్ముడూ. వదినామరదళ్ళ వరసైన పిల్లలు ఒకే బెంచీలో కూర్చుంటే ఎంత ముచ్చట! నోట్సులు గట్రా మా గ్లోరియా ఇస్తుందిలే" అన్నారు.

ఆమె లిఫ్టు దాకా కూడా వెళ్ళి ఉండరు, ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. రెండూ ఈ వేసవిలోనే.

"ఒక్కటే కష్టం నాన్నా" అంది హదస్సా. "ఆర్గానిక్ ఒక్కటే సముద్రం. రెండూ కలిపి ఎవరూ తీసుకోరు."

"ఎవరూ తీసుకోనిది తీసుకున్నప్పుడే కదమ్మా పేరు" అన్నారు లూకా గారు. జీవితంలో తనెప్పుడూ అలాంటిది ఏదీ తీసుకోలేదు గనుక ఆ మాట అనడానికి ఆయనకు ఇబ్బంది కలగలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు హదస్సాను ముందుకు పిలిచి ప్రత్యేక ప్రార్థన చేశారు. "ప్రభువా, నీ కుమార్తెను ఆర్గానిక్ అనే అగ్నిగుండంలోనుంచి, ఫిజిక్సు అనే సింహాల గుహలోనుంచి క్షేమంగా వెలుపలికి తెమ్ము" అన్నారు. సభ ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా ప్రిసిల్లా గారు అన్నారు.

సత్రం ప్రారంభోత్సవంతో మొదలైంది. త్వరిత సత్రమైనా ప్రారంభోత్సవాన్ని త్వరగా చేయడం మర్యాద కాదు గనుక ఆ రోజంతా అదే జరిగింది. ముఖ్య అతిథి కాప్రాలో సేంద్రియ కూరగాయల వ్యాపారం చేసే ప్రముఖుడు. ఎరువులు వేయని వంకాయ గురించి, దానిలోని విలువల గురించి, యువతరం వంకాయను చూసి నేర్చుకోవలసిన దాని గురించి ఆయన హృదయం విప్పి మాట్లాడారు. చెమటలు కారుతున్న పిల్లలు ఆ ఉపన్యాసాన్ని తలోవైపూ చూస్తూ విన్నారు. మర్నాడు నోటీసుబోర్డు చూస్తే, ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి యూనిట్ పూర్తయినట్టు ఉంది.

హదస్సా వెళ్ళి ఆఫీసులో అడిగింది. సూపరింటెండెంటు కళ్ళజోడు పైకి నెట్టి, "నిన్న సభల ఆర్గానిక్ గురించి గంటన్నర చెప్పిన్రు గదమ్మా. నువ్వు వినలేదా?" అన్నాడు. ఆమె విన్నది. ఆ సంగతి ఒప్పుకోక తప్పలేదు.

మిగిలిన యూనిట్లు పొద్దున పూట కల్పలత మేడం చెప్పారు. ఆవిడ మంచి టీచరు. మంచి టీచర్లకు ఉండే లోపమే ఆవిడకూ ఉంది, పిల్లలకు అర్థమైందో లేదో అని ముఖాలు చూస్తారు. త్వరిత పద్ధతిలో దానికి సమయం కేటాయించలేదు. అందుకని యాజమాన్యం తెరమీద స్లైడ్లు వాటంతటవే మారిపోయే ఏర్పాటు చేసింది. మేడం ఒక వాక్యం మధ్యలో ఉండగానే తెరమీద తరవాతి అధ్యాయం వచ్చేది. మేడం ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి కొత్త అధ్యాయంలోకి పరుగెత్తేవారు. హదస్సా నోట్సులో ఆల్కహాలుతో మొదలై కీటోనుతో ముగిసిన వాక్యాలు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం ఫిజిక్సు. హరికిషన్ సారు ధైర్యస్థుడు. మే నెలలో కరెంటు పోయినా విద్యుత్ శాస్త్రాన్ని ఆపలేదు. ఫ్యాన్లు ఆగిన గదిలో, ఎండకు మూసిన కిటికీల చీకట్లో, కర్చీఫ్‌తో విసురుకుంటూ పాఠం చెప్పారు.

"కరెంటు వస్తది, పోతది. మల్ల వస్తది, మల్ల పోతది. దీన్నే ఆల్టర్నేటింగ్ కరెంట్ అంటరు. రాస్కోండ్రి."

అందరూ రాసుకున్నారు. హదస్సా లేచి, అది కాదేమో సార్ అంది. సారు నొచ్చుకోలేదు. "కాదు బేటా, నాకు సుత ఎర్కే. గానీ అసలుది చెప్పాల్నంటే నెల పడ్తది. నీకు నెల ఉన్నదా?" అన్నారు. లేదు. ఆమె కూర్చుంది.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. ఆర్గానిక్ ల్యాబు, ఫిజిక్సు క్లాసు ఒకే సమయానికి వేశారు. రెండు కఠినమైన పాఠాలు కలిపి తీసుకునే పిచ్చివాళ్ళు ఉంటారని టైంటేబుల్ రాసినవారు ఊహించలేదు. హదస్సా వెళ్ళి హరికిషన్ సారుకే మొరపెట్టుకుంది.

"క్వాంటంల ఒక్క ఎలక్ట్రాన్ రెండు కంతలల్లకెళ్ళి ఒక్కసారే పోతది. నువ్వు రెండు రూములల్ల ఉండలేవా?" అన్నారు సారు.

"ఎవరూ చూడకుంటేనే పోతుంది సార్. ఏ కంతలోంచి పోయిందో చూస్తే ఒక్కదాంట్లోంచే పోతుంది. ఇక్కడ రెండు రూముల్లోనూ హాజరు తీస్తున్నారు."

సారు చాలాసేపు నవ్వారు. సత్రం మొత్తం మీద ఆయన ఒక విద్యార్థితో ఫిజిక్సు మాట్లాడింది ఆ ఒక్కసారే. తరవాత ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్ళి సమస్య విన్నవించారు. ప్రిన్సిపాల్ గారు పెద్ద మనసుతో ఉత్తర్వు ఇచ్చారు. రెండు పాఠ్యాంశాలు తీసుకున్న విద్యార్థినీ విద్యార్థులు ఏ గదిలో ఉన్నా రెండు గదుల్లోనూ ఉన్నట్టే భావించబడుదురు. పోయిన సెమిస్టరులో ఎక్కడా లేని పిల్ల ఈ సత్రంలో రెండుచోట్లా ఉంది. సగటు చూస్తే సరిగ్గానే సరిపోయింది.

ల్యాబుకు వెళ్ళకపోయినా నష్టం లేదని తరవాత తెలిసింది. ల్యాబు కుళాయిలో నీళ్ళు లేవు. ప్రయోగాలను తెరమీద వీడియోగా వేశారు, అదీ రెట్టింపు వేగంతో. తెరమీద ఎవరో తెల్లవాడు గబగబా పరీక్షనాళికలు కుదిపేవాడు, పొగ వచ్చేది, పోయేది. చివర్లో వచ్చే ఫలితాన్ని పిల్లలు రాసుకునేవారు.

హదస్సా మాత్రం చదివింది. ఎండ ఎక్కకముందే మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు నీడలో చాప వేసుకుని కూర్చునేది. తల్లి కాంతమణి గారు ఒక స్కూల్లో తెలుగూ, నీతిబోధా చెప్పే టీచరు, ఆదివారాలు సండేస్కూలు కూడా నడుపుతారు. ఆవిడ కాఫీ తెచ్చి, పుస్తకం పట్టుకుని కూతురికి ప్రశ్నలు వేసేవారు.

"మార్కు సువార్త తెలుసు గానీ, ఈ మార్కోవ్నికాఫ్ ఎవడే?"

"అమ్మా, అది నియమం. హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే హైడ్రోజన్ పోతుంది."

"కలిగినవానికే ఇయ్యబడును. బైబిల్లో ఉన్నదేగా! దీనికి రష్యా వాడెందుకు?"

హదస్సా పడీపడీ నవ్వింది. ఆ నియమం మళ్ళీ మరిచిపోలేదు. కానీ పది పేజీలు తిప్పేసరికి బెంజీను వలయాలు విద్యుత్ వలయాల్లా కనబడటం మొదలైంది. ఒకరోజు అన్నం తింటూ, ఏ వలయంలో కరెంటు పోతుందో ఏ వలయంలో పోదో తేల్చుకోలేక ఏడ్చింది. కాంతమణి గారు తలకు నూనె రాశారు.

ఒక్క పాఠం మాత్రం ఆ అమ్మాయికి నిజంగా దక్కింది. ఒకనాడు పొద్దున్నే కరెంటు పోయి తెర ఆరిపోయింది. స్లైడ్లు ఆగాయి. కల్పలత మేడం ఒక క్షణం ఏం చేయాలో తోచనట్టు నిలబడి, తరవాత బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీశారు. ద్రవీభవన స్థానం గురించి చెప్పారు, అంటే ఘనపదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో ఆ సంగతి.

"అసలుదైతే ఒక్క వేడి దగ్గర గట్టిగ నిలవడ్తది, అక్కడనే టక్కున కరుగుతది. ఇంకోటి ఏదన్న కలిసిందనుకో, ముందే మెత్తవడ్తది, మెల్లమెల్లగ జారుతది. అందుకనే కరిగే వేడి చూస్తే సరుకు మంచిదో కాదో తెలుస్తది. చూసిందే రాయాలె. రాసేది చూస్తే సైన్సు కాదు."

ఆ గంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు. తనిఖీకి వచ్చిన పర్యవేక్షకుడు మాత్రం, ఆ గంటలో ఒకే ఒక్క విషయం బోధించబడినదనీ, ఇది తీవ్రమైన వెనుకబాటనీ పైకి నివేదించాడు.

థియరీ పరీక్షలు ఎలాగో అయ్యాయి. ప్రాక్టికల్ పరీక్ష రోజు ల్యాబుకు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారిగా సుబ్బరాజు గారు వచ్చారు మరి. ఆయన కూలరు ఎదురుగా కుర్చీ వేయించుకుని, చల్లని మజ్జిగ తాగుతూ పిల్లలకు ప్రయోగాలు పంచారు. సగం మందికి బెంజోయిక్ ఆమ్లం వచ్చింది. సీసాలోంచి చిటికెడు తెల్లపొడి తీసుకుని, సన్నటి గాజుగొట్టంలో నింపి, థర్మామీటరుకు దారంతో కట్టి, నూనెలో ముంచి, కింద మంటపెట్టి, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చూసి రాయాలి. పుస్తకంలో నూట ఇరవై రెండు అని ఉంది.

హదస్సా అంతకుముందు ఆ గాజుగొట్టాన్ని చేత్తో ముట్టుకోలేదు. ఒకటి విరిగింది. రెండోది సరిగ్గా నిండింది. మంట తగ్గించి, వంగి, రెప్పవేయకుండా చూసింది. నూట పది దాటింది. నూట పద్నాలుగు దగ్గర పొడి అంచులు తడిసినట్టయ్యాయి. నూట పదిహేను దగ్గర మెత్తగా కుంగింది. పదహారు వచ్చేసరికి గాజులో పొడి లేదు, అద్దంలాంటి చుక్క ఉంది. ఆ సత్రంలో మొదటిసారి ఒకటి ఆమె కళ్ళముందు జరిగింది. రెట్టింపు వేగంతో కాదు, దాని వేగంతో అది జరిగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే వచ్చింది. సంతోషంగా నూట పదిహేను అని రాసింది.

పక్క బల్ల దగ్గర ఆషర్ అనే క్లాసుమేటు కూడా అదే ప్రయోగం చేస్తున్నాడు. అతని బర్నరు అసలు వెలగలేదు. అయినా అతనికి నూట ఇరవై రెండు వచ్చింది. మిగతా అందరికీ అదే వచ్చింది.

సుబ్బరాజు గారు ఆమె కాగితం చూసి మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"ఏంటమ్మా ఇది? బెంజోయిక్ ఆమ్లం ఎంత దగ్గర కరుగుతుంది?"

"నూట ఇరవై రెండు సార్."

"తెలిసి కూడా నూట పదిహేను రాశావా?"

"వచ్చింది రాశాను సార్. రెండుసార్లు చూశాను. ఈ సీసాలో ఇంకేదో కలిసింది. కల్తీ ఉంటే ముందే కరుగుతుంది కదా సార్."

ల్యాబు నిశ్శబ్దమైపోయింది. కూలరు కూడా ఆగినట్టు అనిపించింది, కరెంటు పోయింది మరి. కల్తీ అనే మాటను కళాశాల ఆస్తి అయిన సీసాను ఉద్దేశించి, బయటి అధికారి ఎదుట, సాక్షుల సమక్షంలో అనడం జరిగింది. సాయంత్రానికల్లా విచారణ సంఘం ఏర్పడింది. కుళాయిలో నీళ్ళు తెప్పించడానికి రెండేళ్ళు చాలని కళాశాల, సంఘాన్ని ఒక పూటలో వేసింది. త్వరిత పద్ధతి పాలనలోకి కూడా ప్రవేశించినందుకు మనం సంతోషించాలి.

బ్రహ్మచారి గారు అధ్యక్షులు. సుబ్బరాజు గారు, హరికిషన్ సారు, కల్పలత మేడం సభ్యులు. సీసాను బల్లమీద పెట్టారు. దాని మీద ఉన్న లేబులును అధ్యక్షులు పైకి చదివారు. 'శుద్ధ బెంజోయిక్ ఆమ్లం' అని స్పష్టంగా ఉంది. హదస్సా చేతులు కట్టుకుని నిలబడి, "సార్, మీ ముందరే మళ్ళీ చేసి చూపిస్తాను. పది నిమిషాలు చాలు" అంది.

అధ్యక్షులు గంభీరంగా తల ఊపారు. "చూడమ్మా, పరీక్షించడమంటే అనుమానించడం. ఈ సంస్థ తన సీసాలను అనుమానించే స్థితికి దిగజారలేదు. పైగా నీతోపాటు చేసిన వారందరికీ నూట ఇరవై రెండు వచ్చింది. అందరిదీ ఒకటి, నీదొక్కటీ ఒకటి. మనది ప్రజాస్వామ్యం. ద్రవీభవన స్థానం కూడా మెజారిటీని గౌరవించాలి."

హరికిషన్ సారు కిటికీలోంచి బయటికి చూశారు. కల్పలత మేడం తన చేతిగాజులు చూసుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది. విద్యార్థిని తన పొరపాటు గ్రహించి అంకె సవరించుకుంటే సంస్థ పెద్దమనసుతో క్షమిస్తుంది. లేనిచో ప్రాక్టికల్ తప్పినట్టు, ప్రాక్టికల్ తప్పితే ఆర్గానిక్ తప్పినట్టు, ఆర్గానిక్ తప్పితే ఏడాది తప్పినట్టు.

ఇంట్లో ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు. లూకా గారు కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, "ఏడు డిగ్రీలే కదమ్మా తేడా" అన్నారు. "మన ఇంటి గోడ మీద థర్మామీటరు కూడా ఎప్పుడూ అటూ ఇటూ చూపిస్తుంది. ఎవరం పట్టించుకుంటున్నాం?"

"నేను చూశాను నాన్నా. కరిగింది. నా కళ్ళతో చూశాను."

"చూశావు. కాదనట్లేదు. చూసినవన్నీ రాయాలని ఎక్కడుంది?"

హదస్సా తల్లి వైపు తిరిగింది. తెలుగూ నీతీ చెప్పే మనిషి, ప్రతి ఆదివారం పిల్లల చేత 'అబద్ధమాడరాదు' అని పాడించే మనిషి, తన వైపు నిలబడకుండా ఉండదనుకుంది.

"అమ్మా, నువ్వు చెప్పు. స్కూల్లో పిల్లలకు ఏం చెప్తావు?"

కాంతమణి గారు పైట చెంగు వేలికి చుట్టుకున్నారు. "స్కూల్లో చెప్పేది చిన్నపిల్లలకే తల్లీ" అన్నారు చివరికి. "నువ్వు పెద్దదానివయ్యావు."

అప్పుడే ఫోను మోగింది. ప్రిసిల్లా గారు. గ్లోరియా కోసం కొత్త బెంచీ చూసి పెట్టమంటారా, కిటికీ పక్కదైతే గాలి వస్తుంది, హదస్సాకు కూడా హాయిగా ఉంటుంది అని అడిగారు. ఫోను స్పీకరులో ఉంది. లూకా గారు ఆపేశారు. హదస్సా లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో, ఆయన ఇచ్చిన పెన్నుతోనే, నూట పదిహేనును కొట్టేసి నూట ఇరవై రెండు రాసింది. పక్కన సంతకం చేసింది. పెన్ను మంచిది, నున్నగా సాగింది. సీసాను అదే రోజు బీరువాలో, కళాశాలకు వచ్చిన షీల్డుల మధ్య భద్రపరిచారు.

ముగింపు సభ ప్రారంభోత్సవం కంటే ఘనంగా జరిగింది. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. బర్నరు వెలగని ఆషర్‌కు కెమిస్ట్రీలో ప్రథమ స్థానం. హదస్సాకు 'ఆదర్శ విద్యార్థిని' శాలువా. బ్రహ్మచారి గారు మైకు ముందు భావోద్వేగానికి లోనయ్యారు. "తప్పు చేయని వారెవరు? కానీ తన కళ్ళు తనను మోసగించాయని గ్రహించి, సంస్థ మాట మీద విశ్వాసముంచి, తప్పు దిద్దుకున్న ఈ చిరంజీవిలో నేను రేపటి శాస్త్రవేత్తను చూస్తున్నాను!" చప్పట్లు ఆగలేదు. లూకా గారు లేచి నిలబడి కొట్టారు. కాంతమణి గారు కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకు తుడుచుకున్నారో ఆవిడ తరవాత కూడా చెప్పలేదు. ప్రిసిల్లా గారికి ఆరోజు తలనొప్పి వచ్చి రాలేకపోయారు.

సభ అయ్యాక మెట్ల దగ్గర కల్పలత మేడం ఆ అమ్మాయిని ఆపారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"నేను సుత చేసి చూసిన్నమ్మా, అందరు పోయినంక. నూట పదిహేనే."

హదస్సా ఆవిడ వైపు చూస్తూ నిలబడింది. "మరి కమిటీలో చెప్పలేదేం మేడం?"

"కమిటీల నేను మెంబర్‌ని గదా బేటా" అన్నారు మేడం. చాలా మామూలుగా, బస్సు ఎందుకు ఎక్కలేదంటే నిండిపోయిందని చెప్పినట్టు అన్నారు. ఆవిడది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఈ ఏడాదికి పొడిగించారు. హదస్సా భుజం మీద జారుతున్న శాలువా సర్ది, ఎండలో జాగ్రత్తగా పొమ్మని చెప్పి వెళ్ళిపోయారు.

జూన్ వచ్చింది. విద్యావైభవ కళాశాల వారు వచ్చే వేసవికి ఇంకా పొట్టి సత్రాన్ని ప్రకటించారు. అందులో మూడు పాఠాలు ఒకేసారి తీసుకోవచ్చు. గేటు మీద కొత్త ఫ్లెక్సీ వెలిసింది, దాని మీద శాలువాతో హదస్సా. పేర్లు ముందే నమోదు చేసుకోవాలన్నారు గనుక తల్లిదండ్రుల వరుస మెట్ల మీంచి దిగి, బోల్టుల దుకాణాలు దాటి, మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. మూడో ఏడాది మొదటి రోజు క్లాసుకు వెళుతున్న హదస్సాను ఒకావిడ గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. పేరు శారదమ్మ అని చెప్పింది. చేతిసంచిలో కూతురి ఇంటర్ మార్కుల మెమోలున్నాయి.

"ఫోటోల ఉన్నది నువ్వే గదా బిడ్డా? జెర ఒక మాట చెప్పు. మా పోరి మంచిగ చదువుతది. గానీ ఏది చూస్తే గదే చెప్తది. ఎంత కొట్టినా మారదు. మొన్న చుట్టాల ముంగట సుత గట్లనే చెప్పి పరేషాన్ చేసింది. రేపు ఉద్యోగంల, అత్తగారింట్ల ఎట్ల బతుకుతదో ఏమో. ఈడ చేర్పిస్తే గా అలవాటు పోతదా?"

హదస్సా ఫ్లెక్సీ వైపు చూడలేదు. ఆవిడ చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా తీసుకుంది.

"పోతదమ్మా" అంది. "నాది పోయింది."

ఆ తల్లి ముఖం వికసించింది. దేవుడు చల్లగ చూడాలె అని దీవించి, సంచి గుండెకు హత్తుకుని, పరుగులాంటి నడకతో వరుస దగ్గరికి పోయింది. ఎండ మండిపోతోంది. అదే వరుసలో అప్పటికే గంటల తరబడి నిలబడి ఉన్నా విసుక్కోకుండా, ఇది చదువుతున్న మీరే కాస్త జరిగి ఆమెకు చోటిచ్చారు.